మడతచాకు: కీలు, బరువు, చట్టం

తెలుగులో చురుకైన పిల్లవాణ్ణి ‘చాకులాంటి కుర్రాడు’ అంటారు. ‘బాకులాంటి కుర్రాడు’ అని ఎవరూ అనరు. రెండూ ఉక్కుతో చేసినవే, రెండూ పదునైనవే, రెండు మాటల మధ్య తేడా ఒక్క అక్షరమే. అయినా మొదటిది మెప్పుదల అయింది, రెండవదానికి ఆ గౌరవం దక్కలేదు. బాకు పొడవడానికి పుట్టిన ఆయుధం. చాకు చెక్కడానికి, కోయడానికి పుట్టిన పనిముట్టు. ఈ భేదాన్ని తెలుగు నుడికారం స్పష్టంగా గుర్తించింది. తుర్కీ మూలం నుంచి పారసీకంలోకి, అక్కడి నుంచి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన ‘చాకు’ అనే మాటకు తోడుగా అదే దారిలో నడిచి వచ్చిన మరికొన్ని మాటలున్నాయి: కలం, కాగితం, జేబు. నాలుగూ ఒకే బల్లమీద ఇమిడే వస్తువులు. చాకు మొదట ఎవరి చేతిలో ఉండేదో ఈ పదాల సహవాసమే సూచిస్తుంది.

జేబులో ఇమిడే చిన్న మడతచాకుల చరిత్రను సాధారణంగా ఉక్కు చరిత్రగానో, పేరుపొందిన తయారీ కుటుంబాల చరిత్రగానో రాస్తూ వచ్చారు. ఆ రెండు మార్గాలూ అవసరమైనవే. కాని మడతచాకును ఇతర కత్తుల నుంచి వేరుచేసేది దాని అలుగూ కాదు, పిడీ కాదు. ఆ రెంటినీ కలిపే కీలు. అలుగు మడిచినప్పుడు అది పిడిలో దాగి ఒర అవసరం లేకుండా చేస్తుంది. తెరిచినప్పుడు మాత్రం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది: పని మధ్యలో అలుగు వెనక్కి మడుచుకుంటే పట్టుకున్నవారి వేళ్ళే తెగుతాయి. ఈ చిక్కుకు ఏ కాలంలో, ఏ ప్రాంతంలో ఏ పరిష్కారం కనుగొన్నారన్నదే ఈ వ్యాసంలో ప్రధాన విషయం. వేళ్ళను కాపాడటానికి కనుగొన్న ఉపాయాన్నే తరువాతి కాలపు చట్టాలు ఆయుధానికి గుర్తుగా ఎలా తీసుకున్నాయన్నది దాని వెన్నంటి వచ్చే ప్రశ్న.

రాతపనికి తోడు

తాళపత్రంపై రాసేవారికి రెండు పనిముట్లు కావాలి. ఆకుపై అక్షరాన్ని గీరడానికి గంటం, ఆకు అంచులను సమంగా కోసుకోవడానికి కత్తి. దక్షిణ భారతంలో ఈ రెంటినీ ఒకే పిడికి బిగించే ఏర్పాటు ఉండేది. తమిళంలో దీనికి విడిగా ఒక పేరే ఉంది. గుండెళుత్తాణి, వారెళుత్తాణి, మడక్కెళుత్తాణి అని వారు గంటాలను మూడు రకాలుగా చెబుతారు. మొదటిదానికి పైన గుండ్రని తల ఉంటుంది. రెండవదానికి ఒక కొన గంటం, మరొక కొన ఆకును వారుకొనే కత్తి. మూడవదానిలో గంటమూ కత్తీ కూడా పిడిలోకి మడుచుకుంటాయి. కేరళలోనూ గంటాన్నీ పిచ్చాత్తినీ జంటగా చెప్పడం ఉంది. అంటే ఐరోపా నుంచి జేబుచాకులు ఓడల్లో దిగుమతి కాకముందే మడత కీలు అనే ఊహ ఇక్కడి లేఖకుల చేతిలో ఉంది. దానిని తెచ్చినది యుద్ధమో, వేటో, వంటో కాదు. రాత.

కాగితం, కలం వాడిన దర్బారులలోనూ పరిస్థితి ఇలాంటిదే. రెల్లుకలం మొనను మాటిమాటికీ చెక్కుకోవాలి. పారసీక లేఖన సంప్రదాయంలో ‘కలంతరాష్’ అనే సన్నని కత్తి కలందానులో తప్పనిసరి వస్తువు. ఆంగ్లంలో చిన్న మడతచాకుకు నేటికీ ఉన్న ‘పెన్‌నైఫ్’ అనే పేరు పక్షి ఈక కలాన్ని చెక్కే కాలం నుంచి మిగిలినదే. పందొమ్మిదవ శతాబ్దం తొలి భాగంలో బర్మింగ్‌హామ్ కర్మాగారాలు ఉక్కు పాళీలను రాశులుగా తయారుచేయడంతో ఈకను చెక్కే పని పోయింది. పేరు మాత్రం పోలేదు. పనికూడా పూర్తిగా పోలేదు. ఈక స్థానంలోకి పెన్సిలు వచ్చింది, చాకు పండితుని బల్లమీద నుంచి బడిపిల్లవాని సంచిలోకి మారింది.

తెలుగు దేశంలో చాకు ఈ పరిధిని దాటి పెద్దగా విస్తరించకపోవడానికి ఒక కారణం ఊహించవచ్చు. ఇక్కడ ప్రతి కోతకూ దాని పనిముట్టు దానికే ఉంది. కూరలకు కత్తిపీట, వక్కకు అడకత్తెర, గడ్డికి కొడవలి, కల్లు గీతకు గీతకత్తి. కత్తిపీటలో అలుగు కదలదు, కోసే వస్తువే కదులుతుంది. అన్ని పనులకూ ఒకే చిన్నకత్తిని వెంట తిప్పుకోవలసిన అవసరం తెలుగు రైతుకు తక్కువ. ఆల్ప్స్ కొండల్లోని రైతు సంగతి వేరు. అతడు పొలానికి రొట్టె, జున్ను పట్టుకుపోయి వాటిని కోసుకుని తినాలి, ద్రాక్షతీగ కత్తిరించాలి, కర్ర చెక్కాలి. అన్నింటికీ జేబులోని ఒక్క చాకే ఆధారం. చాకును జీవనోపకరణంగా తీర్చిదిద్దిన ప్రాంతాలను పరిశీలించాలంటే అందుకే అటు వెళ్ళవలసి ఉంటుంది.

ఇనుప యుగం నుంచి షెఫీల్డ్ వరకు

మడతచాకు ఆధునిక వస్తువేమీ కాదు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఎముక పిడిగల మడతచాకు దొరికింది. అది క్రీ.పూ. ఆరవ శతాబ్దం నాటిదని చెబుతారు. రోమన్ల కాలపు మడతచాకులు ఐరోపా అంతటా దొరుకుతున్నాయి. కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో వెండి పిడిలో చెంచా, ముళ్ళగరిటె, చాకు, పుల్ల మొదలైనవి మడుచుకునే ఒక రోమన్ పనిముట్టు కూడా ఉంది. ఈ పాతవాటిలో అలుగును తెరిచి ఉంచేది కేవలం రాపిడి. మేకు ఎంత బిగువుగా ఉంటే అలుగు అంత నిలకడగా ఉంటుంది. వాడుతూపోతే మేకు వదులవుతుంది, సుత్తితో మళ్ళీ బిగించుకోవాలి.

రెండవ పరిష్కారం స్ప్రింగు. పిడి వీపున ఒక ఉక్కుపట్టీని అమర్చి, అది అలుగు మడమను నొక్కి ఉంచేటట్లు చేస్తే అలుగు తెరిచినప్పుడూ మూసినప్పుడూ ‘టక్’మని కుదురుకుంటుంది. కొంచెం బలం వాడితేగాని కదలదు. పదిహేడవ శతాబ్దం నుంచి ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణం ఈ స్ప్రింగు చాకులకు పెట్టింది పేరయింది. అక్కడి కత్తిపనివారి సంఘం 1624లోనే చట్టబద్ధంగా ఏర్పడింది. చాకుకు ఆ ఊళ్ళో ఒకరు అలుగు కొట్టేవారు, మరొకరు సానపట్టేవారు, ఇంకొకరు పిడి బిగించి పూర్తిచేసేవారు.

ఈ స్ప్రింగు చాకులో ఒక దోషముంది. అలుగు తెరిచిన స్థితిలో ఉంటుందే కాని బంధింపబడదు. మొనతో గుచ్చినప్పుడు వెనుకకు ఒత్తిడి పడితే మూసుకుపోతుంది. మరొక దోషం బరువు. స్ప్రింగుకు పిడి పొడవునా ఉక్కుపట్టీ కావాలి. ఆ పట్టీని నిలబెట్టడానికి ఇరువైపులా లోహపు రేకులు కావాలి. వాటిపైన కొమ్ము, ఎముక, కట్టె తాపడం కావాలి. అలుగు ఎంత చిన్నదైనా పిడిలో ఇంత లోహం దాగి ఉంటుంది.

షెఫీల్డ్ వారు ఈ బరువును లోపంగా భావించలేదు. పైగా దానినే ఘనతగా ప్రదర్శించారు. జోసెఫ్ రోడ్జర్స్ సంస్థ 1822లో ఆ సంవత్సరానికి సరిపోయేటట్లు 1822 అలుగులున్న ‘ఇయర్ నైఫ్’ను చేసింది. 1851లో లండన్ మహాప్రదర్శనకు 75 అలుగుల చాకును పంపింది. పేరుకు రెండూ మడతచాకులే. జేబు సంగతి అటుంచి, ఒక్క మనిషి చేతిలో పట్టుకుని పని చేయడం కూడా అసాధ్యం. అదే 1851లో వెలువడిన మెల్విల్ నవల ‘మోబీ డిక్’లో ఓడ వడ్రంగి వర్ణన వస్తుంది. ఏ పని చెప్పినా చేసే ఆ వడ్రంగిని రచయిత పోల్చినది షెఫీల్డ్ వారి బహుళ పనిముట్ల జేబుచాకుతోనే. అందులో మెప్పు కొంత, ఎగతాళి కొంత ఉన్నాయి. అన్నీ చేసేదానికి స్వంత ఆలోచన ఉండదన్న సూచన ఆ పోలికలో వినిపిస్తుంది. తెలుగువారి ‘చాకులాంటి కుర్రాడు’ పోలికలో మెప్పు తప్ప మరేమీ లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఒకే దశాబ్దం, మూడు చాకులు

నేటికీ తయారవుతున్న తేలికపాటి జేబుచాకులలో బాగా ప్రసిద్ధమైన మూడు రకాలు 1890ల దశకంలోనే రూపుదిద్దుకున్నాయి. ఫ్రాన్సులో ఒపినెల్, స్విట్జర్లండులో సైనిక చాకు, జపానులో హిగోనోకామి. వీటి మధ్య అనుకరణ సంబంధాన్ని వెతకనక్కరలేదు. చౌకగా దొరికే ఉక్కు, యంత్రశక్తి, రైలు మార్గాలు, నిర్బంధ సైనిక సేవ, సార్వత్రిక విద్య అప్పటికి మూడు చోట్లా తమ పని మొదలుపెట్టాయి. వేలకొద్దీ మనుషులకు ఒకే రకమైన, చౌకైన, జేబులో పట్టే చాకు కావలసివచ్చిన తొలి తరం అది. అవసరం ఒకటే అయినా మూడు చోట్లా కీలుకు మూడు వేరువేరు జవాబులు దొరికాయి.

ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో సాన్ జాన్ ద మోరియెన్ పట్టణానికి దగ్గర ఒక కొండ ఊరు అల్బియే. అక్కడ గొడ్డళ్ళు, కొడవళ్ళు వంటి పదును పనిముట్లు చేసే కుటుంబంలో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ తన పద్దెనిమిదవ ఏట, 1890లో, ఒక జేబుచాకును తయారుచేశాడు. దానిలో కనిపించేది ఏమున్నదన్నదానికంటే ఏమి లేదన్నది ముఖ్యం. స్ప్రింగు లేదు. లోహపు రేకులు లేవు. తాపడం లేదు. గుండ్రంగా తీర్చిన ఒక కట్టెముక్కకు రంపంతో చీలిక కోసి, అందులో అలుగు పెట్టి, కీలు దగ్గర కట్టె పగలకుండా ఒక లోహపు పొన్ను తొడిగి, అడ్డంగా ఒక మేకు దిగగొట్టారు. అలుగు, పిడి, పొన్ను, మేకు: నాలుగే భాగాలు. ఇది హాల్‌స్టాట్ నాటి రాపిడి కీలే. కొత్తదల్లా దానిని యంత్రంతో వేలసంఖ్యలో ఒకే తీరుగా చేయగలగడం. కట్టెపిడిని కోసే యంత్రాన్ని జోసెఫ్ స్వయంగా రూపొందించాడు.

1897లో ఒపినెల్ చాకులకు 1 నుంచి 12 వరకు పరిమాణాల వరుస ఏర్పడింది. 1వ నంబరు అలుగు 2 సెంటీమీటర్లు, 12వ నంబరుది 12 సెంటీమీటర్లు. మరీ చిన్నదైన 1వ నంబరును, 10, 12 నంబర్లకు దగ్గరగా ఉన్న 11వ నంబరును తరువాత వదిలేశారు. ఈ వరుస వెనుక ఒక మంచి అవగాహన ఉంది. ఒకే చాకుకు పన్నెండు పనిముట్లు తగిలించే బదులు ఒకే చాకును పన్నెండు కొలతల్లో చేయడం. ఎవరి చేతికి, ఎవరి పనికి తగినది వారు ఎంచుకుంటారు. షెఫీల్డ్ మహాప్రదర్శన చాకుకు ఇది సరిగ్గా ఎదురుగా నిలిచే ఆలోచన. 1909లో కిరీటం పెట్టిన చేయి గుర్తును ఒపినెల్ తన ముద్రగా స్వీకరించాడు. చేయి సాన్ జాన్ ద మోరియెన్ పట్టణ చిహ్నం నుంచి, కిరీటం సవోయ్ సంస్థానం నుంచి తీసుకున్నవి.

స్విట్జర్లండులో అవసరం రైతుది కాదు, సైన్యానిది. 1889లో కొత్తగా వచ్చిన రైఫిలును విప్పి శుభ్రం చేయడానికి మరతిప్పి కావాలి. డబ్బా ఆహారాన్ని తెరవడానికి ఒక పనిముట్టు కావాలి. ఈ రెంటికీ అలుగు, తోలులో రంధ్రాలు చేసే కూచి జతచేసి 1890 నమూనా సైనిక చాకును నిర్ణయించారు. దేశంలో అంత సంఖ్యలో తయారుచేయగల కర్మాగారం లేకపోవడంతో మొదటి చాకులు జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చాయి. 1884లో ఇబాఖ్ అనే ఊళ్ళో చాకుల కార్ఖానా పెట్టిన కార్ల్ ఎల్స్‌నర్ ఇది చూసి, తోటి పనివారిని కూడగట్టి, 1891లో సైన్యానికి స్వదేశీ చాకులను అందించడం మొదలుపెట్టాడు. జోలింగెన్ ధరలతో పోటీపడలేక అతడు అప్పులపాలయ్యాడు. అతణ్ణి నిలబెట్టినది సైన్యం అధికారికంగా స్వీకరించని చాకు కావడం చరిత్రలోని వింత. 1897 జూన్ 12న నమోదైన ఆ ‘అధికారుల చాకు’లో ఎల్స్‌నర్ చేసిన మార్పు కీలుకు సంబంధించినదే. ఒకే వీపు స్ప్రింగు రెండు వైపుల పనిముట్లనూ పట్టి ఉంచేటట్లు అమర్చాడు. స్ప్రింగుల సంఖ్య తగ్గడంతో ఎక్కువ పనిముట్లు తక్కువ మందంలో ఇమిడాయి. షెఫీల్డ్ పద్ధతిని విడిచిపెట్టకుండా అందులోని వృథాను తీసివేయడం స్విస్ జవాబు.

మొదటి స్విస్ సైనిక చాకు బరువు 144 గ్రాములు, పిడి నల్లగా చేసిన ఓక్ కట్టె. అల్యూమినియం పిడితో వచ్చిన 1961 నమూనా బరువు 72 గ్రాములు. డెబ్బై ఏళ్ళలో సైనికుని జేబు మీది భారం సరిగ్గా సగమైంది. అప్పుడు కూడా అలుగుకు లాకు లేదు.

జపానులో 1876 నాటి శాసనం సామాన్యంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. ఖడ్గాలు చేసిన చేతులు వడ్రంగి పనిముట్లవైపు, వంటకత్తులవైపు మళ్ళాయి. హ్యోగో ప్రాంతంలోని మికి అప్పటికే పనిముట్ల తయారీకి పేరున్న ఊరు. 1890లలో ఒక వర్తకుడు క్యూషూ ద్వీపం నుంచి ఒక చిన్న చాకును నమూనాగా తెచ్చాడని, మికి కమ్మరులు దానిని మార్చి చేసినదే హిగోనోకామి అని ఆ ఊరి తయారీదారుల కథనం. ‘హిగో’ క్యూషూలోని కుమమోతో ప్రాంతానికి పాతపేరు. ‘కామి’ ఆ ప్రాంతాధిపతి బిరుదు. పేరులో ఎంత రాజసం ఉందో వస్తువులో అంత నిరాడంబరత ఉంది. ఒకే రేకును మడిచి చేసిన పిడి, మేకు, అలుగు. అలుగు మడమ నుంచి పిడి బయటికి పొడుచుకువచ్చిన చిన్న తోక ఉంటుంది. దానిని చికిరి అంటారు. చాకు తెరిచినప్పుడు ఆ తోక పిడి వీపున ఆనుతుంది. దానిమీద బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకుంటేనే అలుగు నిలుస్తుంది.

ఇక్కడ స్ప్రింగు పని, లాకు పని రెండూ మనిషి వేలే చేస్తుంది. యంత్రాంగంలో కొంత భాగాన్ని వాడేవాని శరీరానికి అప్పగించిన ఈ చాకు మూడింటిలోనూ సరళమైనది. దానికి తగ్గట్టే వాడేవానికి కొంత శిక్షణ కావాలి. బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియనివాని చేతిలో హిగోనోకామి ప్రమాదకరం. తెలిసినవానికి అది చేతివేళ్ళలో ఒకటి. జపాను బడిపిల్లలు తరాల తరబడి దానితోనే పెన్సిళ్ళు చెక్కుకున్నారు, వెదురు బొమ్మలు చేసుకున్నారు. 1910లో ‘హిగోనోకామి’ నమోదిత వ్యాపార చిహ్నమై, మికి తయారీదారుల సంఘానికే పరిమితమైంది.

బరువు లెక్క

ఈ మూడింటినీ పోల్చితే తేలికదనం గురించిన ఒక సాధారణ అభిప్రాయాన్ని సవరించుకోవలసి వస్తుంది. చాకు తేలికగా ఉండాలంటే అలుగు చిన్నదిగా ఉండాలని అనుకోవడం సహజం. నిజానికి అలుగు బరువు స్వల్పం. ఒపినెల్ 8వ నంబరు అలుగు 8.5 సెంటీమీటర్లు. అయినా మొత్తం చాకు బరువు 50 గ్రాముల లోపే. అంతకంటె పొడవులేని అలుగున్న స్ప్రింగు చాకులు దీనికి రెట్టింపు తూగడం సాధారణం. బరువంతా పిడిలో, పిడిలోని బరువంతా కీలును అదుపుచేసే ఏర్పాటులో ఉంది. కీలును వేలికి అప్పగిస్తే హిగోనోకామి, కట్టె బిగువుకు అప్పగిస్తే ఒపినెల్, ఉక్కు స్ప్రింగుకు అప్పగిస్తే స్విస్ చాకు.

ఒపినెల్‌లోనూ కట్టె బిగువు మీది నమ్మకం ఎల్లకాలం నిలవలేదు. కట్టె తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. వానకాలంలో అలుగు తెరుచుకోదు, వేసవిలో వదులుగా ఊగుతుంది. ఈ చాకును కొన్నవారు కొన్నాళ్ళకు ఎదుర్కొనే అనుభవం నేటికీ ఇదే. 1955లో మార్సెల్ ఒపినెల్ పొన్ను మీద తిరిగే మరొక ఉంగరాన్ని చేర్చాడు. దానికి ఒకచోట చీలిక ఉంటుంది. అలుగు తెరిచాక ఉంగరాన్ని కొంచెం తిప్పితే చీలిక పక్కకు జరిగి, ఉంగరపు అంచు అలుగు వీపుకు అడ్డంగా నిలుస్తుంది. తలుపుకు గొళ్ళెం వేసినట్టే. ‘విరోబ్లోక్’ అనే ఈ ఉంగరం పిడి లోపల ఏ చోటూ ఆక్రమించదు, కొద్ది గ్రాముల బరువే తెస్తుంది. భద్రతకు ఇంత చౌకగా, ఇంత తేలికగా చెల్లించిన మూల్యం జేబుచాకుల చరిత్రలో మరొకటి చూపడం కష్టం. 2000 నుంచి అలుగు మూసినప్పుడు కూడా ఉంగరం దానిని బంధించేటట్లు మార్చారు. దీనివల్ల జేబులో పొరపాటున తెరుచుకునే భయం కూడా తొలగింది.

అమెరికాలో లాకు మరో దారిలో వచ్చింది. 1960లలో బక్ సంస్థ తెచ్చిన 110వ నంబరు చాకుకు వీపున గట్టి లాకు, ఇత్తడి కొసలు ఉన్నాయి. బరువు దాదాపు 200 గ్రాములు. మడతచాకు అయినా దానిని జేబులో వేసుకోలేక నడుము పట్టీకి తోలు సంచిలో తగిలించుకునేవారు. ఒర అవసరం లేకుండా చేయడానికే పుట్టిన మడతకు తిరిగి ఒక ఒర తగిలించవలసి రావడం ఆ లాకు చెల్లించిన మూల్యం. 1980ల ఆరంభంలో గాజునార కలిపిన నైలాను పిడులు రావడంతో లాకు చాకు మళ్ళీ జేబులోకి దిగింది. 1981లో స్పైడర్కో తెచ్చిన చాకులో అలుగుకు గుండ్రని రంధ్రం, పిడికి క్లిప్పు ఉన్నాయి. రంధ్రం వల్ల ఒక్క బొటనవేలితో తెరవవచ్చు. క్లిప్పు వల్ల చాకు జేబు అడుగున కాక జేబు అంచున, కలంలాగా, నిలబడుతుంది. రాతబల్ల నుంచి బయలుదేరిన చాకు చివరికి కలం తగిలించుకునే పద్ధతినే అరువు తెచ్చుకున్నది. నిత్యం వెంట ఉంచుకునే తేలికపాటి చాకు అని నేడు వ్యవహరించేది చాలావరకు ఈ నమూనానే.

లాకు మీద చట్టం

1960 అక్టోబరు 12న తోక్యోలోని ఒక సభావేదికపై జపాను సోషలిస్టు పార్టీ నాయకుడు ఇనెజిరో అసనుమాను పదిహేడేళ్ళ యువకుడొకడు చంపాడు. వాడినది పాతకాలపు పొట్టి ఖడ్గం. దానికీ హిగోనోకామికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ తరువాత దేశమంతటా సాగిన ‘పిల్లలకు కత్తులివ్వరాదు’ అన్న ఉద్యమంలో మొదట పోయినది బడిసంచిలోని హిగోనోకామి. దాని స్థానంలో పెన్సిలు చెక్కే మరలు వచ్చాయి. ఒకప్పుడు ఎందరో కమ్మరులకు జీవనమిచ్చిన ఆ చాకును పాత పేరుతో తయారుచేసే కార్ఖానా మికిలో నేడు ఒక్కటే మిగిలింది. నేరం చేసిన ఆయుధాన్ని కాక, చేతికందిన పనిముట్టును శిక్షించడం ఇందులో కనిపిస్తుంది. అప్పటి తల్లిదండ్రుల భయాన్ని తేలికగా తీసిపారేయలేము. కాని ఆ భయం వల్ల ఒక తరం చేతివేళ్ళు కోల్పోయిన నేర్పు లెక్కకు రాలేదు.

భారతదేశంలో 1962 నాటి ఆయుధ నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగులను ఆయుధాల జాబితాలో చేర్చి, గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటిని మినహాయించాయి. ఈ నియమం కొలతను చూస్తుంది, ప్రయోజనాన్ని చూస్తుంది. కీలు గురించి మాట్లాడదు. ఇక్కడ చాకుకు చెడ్డపేరు తెచ్చినది చట్టం కంటే సినిమా. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పేరుతో ప్రసిద్ధమైన పొడవాటి మడతచాకు హిందీ తెరమీద ప్రతినాయకుని చేతి ఆభరణమై, అక్కడి నుంచి తెలుగు తెరకూ వచ్చింది. ‘రాంపురి’ అన్న విశేషణం తగిలాక చాకు, బాకు మధ్యనున్న పాత దూరం కొంత తగ్గిందనే చెప్పాలి.

పాశ్చాత్య దేశాల చట్టాలు కొలతతో ఆగలేదు. బ్రిటన్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం తగిన కారణం లేకుండా బహిరంగ స్థలాల్లో పదునైన వస్తువులను వెంట ఉంచుకోవడాన్ని నేరంగా ప్రకటించింది. 3 అంగుళాలకు మించని పదును గల మడత జేబుచాకును మాత్రం మినహాయించింది. కొద్ది కాలానికే న్యాయస్థానాల ముందు ఒక ప్రశ్న వచ్చింది: తెరిచాక లాకు పడే చాకు ‘మడత జేబుచాకు’ అవుతుందా? కాదని తీర్పు వచ్చింది. ఎప్పుడైనా, మరే మీటా నొక్కకుండా మడవగలిగినదే మడతచాకు అని, లాకు పడ్డాక అది స్థిరమైన కత్తితో సమానమని అందులోని తర్కం. జపాను నియమాలూ కొన్ని కొలతల లోపలి మడతచాకులకు మినహాయింపు ఇస్తూ, అలుగును బిగించి ఉంచే ఏర్పాటు ఉండరాదన్న షరతు పెట్టాయి. ఈ తర్కాన్ని పూర్తిగా తోసిపుచ్చడం కుదరదు. పొడిచేవానికి అలుగు మడుచుకోకపోవడం కావాలి. చిక్కు ఏమిటంటే కొమ్మ కోసేవానికీ, తాడు కోసేవానికీ, చేయి తడిసిన జాలరికీ కూడా అదే కావాలి. లాకు తన ఎదుట ఉన్నది ఎవరో చెప్పలేదు. చట్టం దాని చేత చెప్పించబోయింది.

జర్మనీలో 2008 ఏప్రిల్ 1 నుంచి ఒక్క చేత్తో తెరుచుకుని లాకు పడే చాకులను తగిన కారణం లేకుండా బహిరంగంగా వెంట ఉంచుకోవడం నిషిద్ధమైంది. అదే సంవత్సరం చివరలో పొరుగునున్న స్విట్జర్లండు తన సైనికులకు కొత్త చాకును ఇచ్చింది. దాని అలుగు ఒక్క చేత్తో తెరుచుకుంటుంది, లాకు పడుతుంది. బరువు 131 గ్రాములు, అంటే 1961 నమూనాకు దాదాపు రెండింతలు. సరిహద్దుకు ఇటువైపు సైనికుని వేళ్ళకు రక్ష అయినది అటువైపు నేరం. అమెరికా విమాన భద్రతా విభాగం 2013 మార్చిలో 6 సెంటీమీటర్లకు మించని, లాకు లేని చిన్న చాకులను విమానంలోకి అనుమతిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో జూన్‌లో ఆ ఆలోచనను విరమించుకున్నది. అమలు కాని ఆ ప్రతిపాదనలోనూ గీత గీసినది లాకు దగ్గరే.

ఈ గీత ఎంత సన్ననిదో ఒపినెల్ వరుసలోనే చూడవచ్చు. 2 నుంచి 5 వరకు గల చిన్న నంబర్లకు విరోబ్లోక్ ఉంగరం లేదు. 6వ నంబరు నుంచి ఉంది. 5వ నంబరు అలుగు 6 సెంటీమీటర్లు, 6వ నంబరుది 7 సెంటీమీటర్లు. బ్రిటిష్ చట్టం చెప్పిన 3 అంగుళాలు 7.62 సెంటీమీటర్లు కనుక కొలత ప్రకారం రెండూ నిరపాయమైనవే. అయినా 5వ నంబరును ఏ కారణమూ చెప్పకుండా లండన్ వీధిలో జేబులో వేసుకు తిరగవచ్చు. 6వ నంబరుకు కారణం చూపాలి. తాతగారి నుంచి సంక్రమించిన, 1955కు ముందు చేసిన 6వ నంబరు చాకు ఎవరి దగ్గరైనా ఉంటే దానికి మాత్రం కారణం అవసరం లేదు. దానికి ఉంగరం లేదు. వేలు తెగకుండా చూసుకోవలసిన బాధ్యత పూర్తిగా పట్టుకున్నవారిదే.